అరవై ఎనిమిదేళ్ళ మేనల్లుడు

ఒకప్పుడు రాజధానిగా ఉండి ఆ హోదా పోగొట్టుకున్న ఊరికి, ఉద్యోగం ఊడిన పెద్దమనిషికి ఉండే జబ్బే ఉంటుంది. ఎవరు కనబడ్డా కూర్చోబెట్టి పాత సంగతులు ఎత్తుకుంటుంది. మా లెవుకా అలాంటి ఊరు. ఫిజీ దేశానికి మేం రాజధానిగా ఉన్నది పట్టుమని పదేళ్ళు. ఆ పదేళ్ళ కథ చెప్పుకుంటూ నూట ముప్ఫై ఏళ్ళకు పైగా గడిపేశాం. ముందు సముద్రం, వెనక కొండ, మధ్యలో ఒక్క వీధి. ఊరు పెరగడానికి చోటు లేదని దొరలు మూటాముల్లె సర్దుకుని సువాకు పోయారు. పోతే పోయారు, కథ మాత్రం మాకే వదిలేశారు.

ఆ కథను అందరికంటే బాగా చెప్పేవాడు ఇనోకె హార్లో.

ఇనోకె చదివింది ఆరో తరగతి. చరిత్ర అతనికి పుస్తకాల నుంచి రాలేదు, గోడల నుంచి వచ్చింది. నలభై ఏళ్ళ పాటు బీచ్ స్ట్రీట్‌లోని కొయ్య దుకాణాలన్నిటికీ రంగులు వేసింది అతనే. కొత్త రంగు వేయాలంటే పాత రంగు గీకాలి. గీకితే మీగడ రంగు కింద ఆకుపచ్చ, దాని కింద ఇటుక ఎరుపు, ఆ ఎరుపు కింద ఎప్పటిదో సున్నం. "ఈ ఎరుపు ఎవరి హయాంలోది?" అని అతను ముసలివాళ్ళను అడగడం మొదలుపెట్టాడు. ఎరుపు సారాకొట్టు నాటిదనీ, ఆకుపచ్చ ఎండుకొబ్బరి కొన్న జర్మన్ షావుకారుదనీ వాళ్ళు చెప్పారు. చెప్పినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, విన్నవాడు మరిచిపోలేదు. చివరికి ఊళ్ళో ఏ గోడ ఒంటి మీద ఎన్ని చొక్కాలు ఉన్నాయో అతనికి తప్ప ఇంకెవరికీ తెలియకుండా పోయింది.

పెద్ద దీవి నుంచి పడవ వచ్చే వేళకు ఇనోకె రేవు దగ్గర ఉండేవాడు. దిగినవాళ్ళలో ఎవరైనా తల ఎత్తి పాత భవనాల వైపు చూశారా, వాళ్ళ పక్కన పుట్టగొడుగులా మొలిచేవాడు. జేబులో చిన్న చాకు. ఏదో ఒక దుకాణం మూలన గోరంత రంగు లేపి, "చూడండి, ఇది మీ తాతగారి తాత కాలం" అనేవాడు. వచ్చినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. దుకాణం వాళ్ళు మాత్రం నెత్తీనోరూ కొట్టుకునేవాళ్ళు.

"నా గోడకి మశూచి పోసినట్టు చేశావు కదయ్యా!" అని టైలర్ శివ్‌దయాల్ కుట్టుమిషన్ ఆపి మరీ అరిచేవాడు. శివ్‌దయాల్ తాత చెరుకు తోటల కోసం ఇండియా నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఈయన మాత్రం ఈ వీధిలోనే పుట్టి, ఈ వీధి జనానికే ప్యాంట్లు కుట్టి ముసలివాడయ్యాడు.

"మశూచి కాదన్నా, అది జ్ఞానం."

"జ్ఞానమైతే నీ ఇంటి గోడ గీక్కో!"

"నా ఇంటి గోడకి చరిత్ర లేదు. రేకు."

వీధి పొడవునా ఇనోకె నోట్లో నువ్వుగింజ నానేది కాదు. ఒకప్పుడు ఇక్కడ ఎన్ని సారాకొట్లు ఉండేవంటే, ఓడలకు దారి చూపే దీపమే అక్కర్లేదట, నీళ్ళ మీద ఖాళీ సీసాలు ఎటునుంచి తేలి వస్తే అటు వెళితే లెవుకా వచ్చేదట. అందరూ నవ్వేవాళ్ళు. చర్చి గడియారం గంట కొట్టి, ఒక నిమిషం ఆగి మళ్ళీ అదే గంట కొడితే, "మొదటిది దేవుడికి, రెండోది మాకు" అనేవాడు. దానికీ నవ్వేవాళ్ళు.

వీధి దక్షిణపు కొసకు వచ్చాక మాత్రం అతని గొంతు తగ్గేది. కొండల వైపు చెయ్యి చూపించేవాడు.

"ఆ కొండల వెనక లొవోని అని ఒక ఊరుంది. వాళ్ళని యుద్ధంలో ఓడించలేక, అప్పటి రాజు మనుషులు రాజీకి రమ్మని విందుకి పిలిచారు. మాటిచ్చారు కదా అని వాళ్ళు ఆయుధాలు ఇంట్లో పెట్టి వచ్చారు. తింటున్నవాళ్ళని చుట్టుముట్టి పట్టుకుని తోటల దొరలకి అమ్మేశారు, తలో దీవికి. ఇళ్ళు బూడిద. ఏళ్ళు గడిచాక ప్రాణాలతో మిగిలినవాళ్ళు తిరిగొచ్చి మళ్ళీ కట్టుకున్నారు."

"మీరు వెళ్ళారా అక్కడికి?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు.

"దారి బాగోదండీ" అనేవాడు ఇనోకె.

దారి బాగానే ఉంటుంది. లారీలో గంట కూడా పట్టదు. అది అతని తల్లి పుట్టిన ఊరు. అరవై ఎనిమిదేళ్ళ వయసు వరకు అతను ఆ ఊళ్ళో కాలు పెట్టలేదు.

*

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. బిడ్డ పుడితే, తండ్రి తరఫువాళ్ళు చాపలు, దుంపలు, మాలో అన్నిటికంటే పెద్ద కానుకైన తిమింగలం పన్ను పట్టుకుని ఆ బిడ్డను తల్లి పుట్టింటికి తీసుకువెళ్ళాలి. దాన్ని బిడ్డ ముఖం మోసుకువెళ్ళడం అంటారు. అది జరిగేదాకా బిడ్డ ఆ ఊరి పొలిమేర తొక్కకూడదు. జరిగాక ఇక వాడికి అడ్డు లేదు. మేనల్లుడు కదా, ఏ కోడిని పట్టుకున్నా, ఏ పందిని తోలుకుపోయినా మేనమామలు పళ్ళికిలిస్తూ ఊరుకోవలసిందే.

ఇనోకె ముఖాన్ని మోసేవాళ్ళు లేకపోయారు. తండ్రి ఎడ్విన్ హార్లో పడవలు చేసేవాడు. అతని తాత తెల్లవాడు. ఆ తెలుపు మూడు తరాల్లో విరిగిపోయి టీలో పాలచుక్కంత మిగిలింది, కానీ ఎడ్విన్ తల్లికి ఆ చుక్కే సముద్రం. కొడుకు లొవోని పిల్ల మెరెసీనిని చేసుకున్నాడని ఆమెకు ముందే మంట. ఇక బిడ్డ ముఖం మాట ఎత్తగానే, "హార్లోలు చాపల మీద చతికిలబడి ఎవరికీ దండాలు పెట్టరు" అని తలుపు వేసుకుంది. ఎడ్విన్ మెత్తటి మనిషి. వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. ఆ వచ్చే ఏడు ఎనిమిదిసార్లు వచ్చింది. తొమ్మిదోసారి అతను పడవతో సహా తిరిగి రాలేదు.

తల్లి తానే బిడ్డను చంకన వేసుకుని వెళ్ళవచ్చు కదా అని బయటివాళ్ళు అడుగుతారు. వెళ్ళకూడదు. ఆమె వాళ్ళ పిల్లే, బిడ్డ ముఖం తండ్రి వైపు నుంచి రావాలి. పోనీ లొవోని వాళ్ళే పిలవవచ్చు కదా అంటారు. పిలవకూడదు. పిలిస్తే అడుక్కున్నట్టు. వీళ్ళే వస్తారని లొవోని వాళ్ళు, వాళ్ళు కోపంగా ఉన్నారేమోనని వీళ్ళు, మర్యాద ఒక్క మెట్టు తగ్గకుండా అరవై ఏళ్ళు ఎదురుచూశారు. ఇలాంటి తప్పు చేయడానికి ఎంతో మంచివాళ్ళై ఉండాలి.

మెరెసీని కూడా ఆ తరవాత పుట్టింటి గడప తొక్కలేదు. "నా బిడ్డ రాని ఇంటికి నేనెందుకు?" అనేది. చేపల ఫ్యాక్టరీలో పనికి పోయి కొడుకును పెంచింది. ఆమె పోయినప్పుడు లొవోని అంతా లారీల మీద దిగి వచ్చింది. చాపలు తెచ్చారు, తిమింగలం పన్ను తెచ్చారు, ఇనోకెను పట్టుకుని గుండెలు బాదుకుని ఏడ్చారు. ఆ ఒక్క మాట మాత్రం ఏ నోటా రాలేదు. ఏడ్చి, లారీలెక్కి వెళ్ళిపోయారు.

విడ్డూరమేమిటంటే వాళ్ళు ప్రతి శనివారం కలుస్తూనే ఉండేవాళ్ళు. మెరెసీని చెల్లెలు ఉనైసి సంతలో చామదుంపలు అమ్మేది. ఇనోకె వేరే ఎవరి దగ్గరా కొనేవాడు కాదు.

"ఏంట్రా, ఎండుకొమ్మలా అయ్యావు? ఎలెనోవా వండట్లేదా?"

"వండుతోంది పిన్నీ. నాకే ఒంటపట్టట్లేదు."

"ఆ వాగుడు కాస్త తగ్గించు, పడుతుంది. ఇదిగో ఈ చామాకు కట్ట కూడా తీసుకో. దీన్ని మళ్ళీ కొండెక్కించలేను."

ప్రతివారం ఏదో ఒకటి కొండెక్కించలేనిది ఆమె దగ్గర మిగిలేది. అరటిగెల, కర్రపెండలం, ఒకసారి బతికున్న కోడి. ఇద్దరూ వాన గురించీ చేపల గురించీ మాట్లాడుకునేవారు. గడియారం పన్నెండు కొట్టేది, మళ్ళీ కొట్టేది, ఉనైసి బుట్ట ఎత్తుకుని లారీ దగ్గరికి నడిచేది. ఇనోకె బుట్ట అందించి, లారీ మలుపు తిరిగేదాకా నిలబడేవాడు. ఆ శనివారాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కోపం ఎవరి మీదో తెలియదు.

ఆ లారీ నడిపేది రుపేని. ఇనోకె మేనమామ కొడుకు, వరసకు బావమరిది. మాలో బావాబావమరుదులు ఒకరినొకరు తిట్టుకోకపోతే అది పగ కింద లెక్క. వీళ్ళిద్దరికీ పగ అన్నదే లేదు.

"ఏం బావా, ముఖం ఇంకా దొరకలేదా?" అని రుపేని లారీ కిటికీలోంచే మొదలుపెట్టేవాడు.

"నీకు ఉండి ఏం ఒరిగిందిరా? దాన్ని చూసే కదా లారీ అద్దం పగిలింది."

"నువ్వు లొవోని గురించి చెప్తుంటే జనం నోరు తెరుచుకుని వింటారటగా. మేనమామ కొడుకు దగ్గర అమ్మ పుట్టింటి గొప్పలా? మా ఊళ్ళో వాగు ఏ వైపు పారుతుందో చెప్పు చూద్దాం!"

ఇనోకెకు తెలియదు. ఆ ప్రశ్నకు మాత్రం అతను తిట్టు వెతుక్కోవలసి వచ్చేది.

ఐదేళ్ళ కిందట రుపేని తండ్రి సైరుసి చనిపోయాడు. మెరెసీనికి ఒక్కడే తమ్ముడు, ఇనోకెకు ఒక్కడే మేనమామ. ఆ రోజు ఇనోకె నల్లబట్టలు కట్టుకుని, చాప చుట్ట భుజాన వేసుకుని, లారీలో లొవోని మలుపు దాకా వెళ్ళి దిగిపోయాడు. చాప లోపలికి వెళ్ళింది, మనిషి మలుపు దగ్గర ఆగాడు. వానలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడు. తిరిగి వస్తూ రుపేని లారీ ఆపి తలుపు తీశాడు. ఆ ఒక్కరోజే ఇద్దరూ తిట్టుకోలేదు.

*

రెండేళ్ళ కిందట, మాకు మామిడిపళ్ళు పండే డిసెంబరు రోజుల్లో, వరసగా మూడు శనివారాలు ఉనైసి సంతకు రాలేదు. మూడో వారం రుపేని లారీ దిగి నడిచి వచ్చాడు. అతను దిగి వచ్చాడంటేనే మంచి కబురు కాదని ఇనోకెకు తెలుసు.

"అత్తకి బాగోలేదు బావా. కాళ్ళు వాచాయి, ఊపిరి ఆడట్లేదు. ఇక్కడి ఆసుపత్రికి రమ్మంటే రానంటోంది. నా చాప మీదే పోతానంటోంది."

"ఎంత... ఎన్నాళ్ళు అంటున్నారు?"

"నర్సమ్మ వచ్చి చూసింది. పండగ దాకా కష్టం అంది."

పండగ అంటే క్రిస్మస్. మూడు వారాలు. ఉనైసికి ఎనభై మూడేళ్ళు. మెరెసీని తరంలో మిగిలిన ఆఖరి మనిషి ఆమె. ఆమె కూడా పోతే, ఆ ఊళ్ళో ఇనోకె ముఖం చూసి ఇది మెరెసీని ముఖం అని చెప్పగలిగేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ తరవాత వెళ్ళినా పడవ దిగిన కొత్తవాడిలా వెళ్ళాలి. ఇంతకంటే ముఖ్యంగా, అతనికి పిన్నిని చూడాలని ఉంది. అంతే.

ఇంటికి వచ్చి భార్య ఎలెనోవాకు చెప్పాడు. ఎలెనోవాది పక్కన మొటురికి దీవి. మాటకు ముందు చెయ్యి ఆడే మనిషి. ఉల్లిపాయ కోస్తున్నది కత్తి అలాగే పట్టుకుని అతని ముందు నిలబడింది.

"నలభై ఏళ్ళుగా చెప్తున్నాను. ఆలస్యం అమృతం విషం అని. వింటేగా?"

"ఎవరు తీసుకెళ్తారే? హార్లోలు ఒక్కరు మిగిలారా ఈ దీవిలో? నా ముఖం నేనే మోసుకెళ్ళలేను కదా."

"మా అన్నయ్యలు..."

"మీవాళ్ళు పెళ్ళాం తరఫు. కుదరదు. నాన్న తరఫు కావాలి."

ఎలెనోవా కత్తి పక్కన పెట్టింది. ఏడుస్తోందో ఉల్లిపాయో తెలియలేదు. బయటికి నడిచింది. ఇనోకె వెనకాలే వెళ్ళాడు. ఆమె తిన్నగా శివ్‌దయాల్ దుకాణంలోకి వెళ్ళి, కుట్టుమిషన్ ముందు స్టూలు మీద కూర్చుంది.

"అన్నా, మా మామగారు నీకు తెలుసా?"

"ఎడ్విన్ హార్లోనా? తెలియకపోవడమేంటమ్మా! నాకు ఈత నేర్పిందే ఆయన. ఆయన పెళ్ళికోటు కుట్టింది మా నాన్న."

"అయితే నువ్వు మగపెళ్ళివారి తరఫేగా?"

శివ్‌దయాల్ కళ్ళద్దాలు తీసి ఆమెను చూశాడు, తరవాత గుమ్మంలో నిలబడ్డ ఇనోకెను చూశాడు. విషయం అంతా విన్నాక టేపు వేలికి చుట్టుకున్నాడు.

"మా నాన్న మగపెళ్ళివారి వైపు బెంచీలోనే కూర్చున్నాడు. ఫోటో ఉంది" అన్నాడు. "కానీ తల్లీ, నేను ఇండియన్ని. వాళ్ళు ఒప్పుకుంటారా? తిమింగలం పన్ను నా చేతుల్లో చూసి నవ్వితే?"

"నీకు మా భాష మాకంటే బాగా వచ్చు. పెద్దల మాటలు కూడా వచ్చు."

"రావడం వేరు, పరాయివాడు పట్టుకుని నిలబడటం వేరు."

అప్పుడు ఇనోకె నోరు విప్పాడు. "అన్నా, నీ గోడ మీద గీకిన చోటల్లా మళ్ళీ రంగు వేస్తాను. ఇంకెప్పుడూ చాకు తియ్యను."

"నోర్ముయ్" అన్నాడు శివ్‌దయాల్. "ఆ గోడకి అదే అందం. ఎప్పుడు వెళ్దాం, అది చెప్పు."

కబురు వీధి అంతా పాకడానికి చర్చి గడియారం రెండోసారి కొట్టేంత సమయం కూడా పట్టలేదు. రొట్టెల దుకాణం చైనా ముసలాయన లియోంగ్ రెండు బుట్టల రొట్టెలు ఇస్తానన్నాడు, తానూ వస్తానన్నాడు. "మా అన్న పనిచేసింది ఎడ్విన్ పడవలోనే. మేమూ ఆ తరఫే." ఫ్యాక్టరీలో మెరెసీనితో పనిచేసిన ఆడవాళ్ళు చాపలు తెచ్చారు. మీరు తల్లి స్నేహితులు, తండ్రి తరఫు ఎలా అవుతారు అని అడిగితే, "మాకు జీతాలు వేరు కానీ తరఫులు వేరా? నోరు మూసుకుని చాప పట్టు" అన్నారు. తిమింగలం పన్ను ఒక్కటే దొరకలేదు. అప్పుడు ఎలెనోవా పెట్టె అడుగు నుంచి ఒకటి తీసింది. మెరెసీని చావుకు లొవోని వాళ్ళు తెచ్చిన పన్ను. వాళ్ళు ఇచ్చింది వాళ్ళకే ఇవ్వవచ్చా అని ఇనోకె నసిగాడు. తిమింగలం పళ్ళు ఒకచోట కూర్చోవు, తిరగడమే వాటి పని అని ఎలెనోవా నోరు మూయించింది.

వారం తిరక్కుండానే బయలుదేరారు. పన్నెండుమంది పట్టే లారీలో ఇరవైమూడుమంది. పద్ధతి ప్రకారం బిడ్డకు చెట్టు నారతో చేసిన బట్ట చుట్టాలి. ఎలెనోవా తెచ్చినది బొజ్జ చుట్టూ ఒకటిన్నర చుట్టే వచ్చింది.

"బిడ్డ బొద్దుగా పుట్టాడు" అన్నాడు రుపేని స్టీరింగ్ దగ్గర నుంచి. "దారిలో ఏడిస్తే పాలెవరు పడతారు?"

"నువ్వు రోడ్డు చూసి నడపరా. పుట్టినరోజునే చావడం నాకిష్టం లేదు."

అందరూ నవ్వారు. ఇనోకె నవ్వలేదు. లొవోని మలుపు వచ్చింది. లారీ ఆగకుండా లోపలికి తిరిగింది. అతను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. వీధి పొడవునా వాగే మనిషి, ఆ కొండదారి పొడవునా ఒక్కమాట మాట్లాడలేదు.

ఊరు ఒక గిన్నె అడుగున ఉన్నట్టు ఉంది. చుట్టూ కొండలు, మధ్యలో చదునైన పచ్చిక, చుట్టూ ఇళ్ళు. వాగు ఎడమ నుంచి కుడికి పారుతోంది. ఊరి పెద్దలు సావిడిలో చాపల మీద వరసగా కూర్చుని ఉన్నారు. అందరి వెనక, గోడకు దిండ్లు వేసి ఉనైసిని కూర్చోబెట్టారు. సగానికి సగం అయిపోయింది. కళ్ళు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి.

బిడ్డను ఎత్తుకుని లోపలికి తేవాలి. ఇనోకెను ఎవరు ఎత్తుతారు? శివ్‌దయాల్‌కు డెబ్బై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆయన ఇనోకె చిటికెనవేలు పట్టుకుని లోపలికి నడిపించాడు. ఇద్దరూ వంగి, మోకాళ్ళ మీద జరిగి, చాప కొసన కూర్చున్నారు. వెనకెక్కడో ఒక పడుచుపిల్ల కిసుక్కుమంది. ముసలమ్మలు ఒక్క చూపు చూసేసరికి నోరు నొక్కుకుంది.

శివ్‌దయాల్ తిమింగలం పన్నును రెండు చేతుల్లో పట్టుకున్నాడు. పెద్దల మాటల్లో మొదలుపెట్టాడు.

"పెద్దలారా, మేం సముద్రపు ఒడ్డువాళ్ళం. ఎడ్విన్ హార్లో తరఫువాళ్ళం. మీ ఇంటి ఆడపడుచు మెరెసీని మాకు ఒక బిడ్డను ఇచ్చింది. ఆ బిడ్డ ముఖం తెచ్చాం. దారిలో ఆలస్యమైంది. ఆలస్యమైనందుకు తప్పు మాది. మా తలలు వంచి ఉన్నాయి. మీరు చల్లగా చూసి ఈ దారి తెరవండి."

ఊరి తరఫున మాట్లాడే పెద్దాయన పన్ను అందుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని తూచినట్టు చూశాడు. ఇది తాము ఇచ్చిందే అని అతనికి తెలిసిపోయిందని ఇనోకెకు అర్థమైంది.

"బిడ్డ ఎక్కడ?" అన్నాడు పెద్దాయన.

"ఇదిగో" అన్నాడు శివ్‌దయాల్.

పెద్దాయన ఆ తెల్లజుట్టునూ, బొజ్జనూ, నారబట్టనూ తేరిపార చూశాడు. తరవాత వెనక్కి తిరిగి ఉనైసి వైపు చూశాడు. చెప్పవలసింది ఆమే.

ఉనైసి అతని వంక చూసింది. తరవాత పక్కనున్న మనవరాళ్ళతో ఏదో అంది. ఇద్దరు పిల్లలు లోపలికి వెళ్ళి ఒక పెద్ద చాప తెచ్చి ఇనోకె ముందు పరిచారు. దాని మీద కొంచెం చిన్నది ఇంకొకటి. దాని మీద ఇంకొకటి. ప్రతిదాని అంచుకూ రంగురంగుల ఉన్ని కుచ్చులు. కిందిది ఇంకా కొత్త వాసన వేస్తోంది. పైకి వస్తున్న కొద్దీ చాపలు పాతబడ్డాయి, చిన్నవయ్యాయి, కుచ్చుల రంగులు వెలిసిపోయాయి. ఏడోది అన్నిటికంటే పైన పరిచారు. మూరెడు వెడల్పు ఉండదు. తేనె రంగుకు తిరిగిపోయింది.

"అవి నీవేరా" అంది ఉనైసి. గాలి అందక ఆగి ఆగి మాట్లాడింది. "పైనున్నది నువ్వు పుట్టావని కబురొచ్చినప్పుడు అల్లాను. నాకు పదిహేనేళ్ళు. రేపో ఎల్లుండో తెస్తారన్నారు. దాని కిందది నీకు నడక వచ్చిందని తెలిసి. ఆ తర్వాతది బడికి వెళ్ళినప్పుడు. మీ నాన్న పోయినప్పుడు ఒకటి, ఇప్పుడైనా ఎవరైనా తెస్తారేమోనని. నీ పెళ్ళికి ఒకటి. అక్క పోయినప్పుడు ఒకటి. నీ జుట్టు నెరిసిందని చూసి ఆఖరిది. శనివారం శనివారం చూసేదాన్నిగా, ఎంత ఎదిగావో తెలియకేం? చిన్నదానిమీద పెద్దవాణ్ణి ఎలా కూర్చోబెడతాను? మళ్ళీ అల్లేదాన్ని. తుఫానుకి ఇంటి కప్పు లేచిపోతే వీటి మీదే పడుకున్నాను, ఎగిరిపోకుండా."

కోపంగా ఉన్నారని ఇనోకె అనుకున్నవాళ్ళు వీళ్ళే. అరవై ఎనిమిదేళ్ళు.

"అలా చూస్తావేంట్రా?" అంది ఆమె. "కూర్చో."

అతను చాపల మీదికి పాకి ఆ చిన్నదాని మీద కూర్చున్నాడు. దాని మీద సగం శరీరం కూడా పట్టలేదు. కాళ్ళు మిగతా ఆరు చాపల మీద ఎక్కడివక్కడ పడ్డాయి.

"ఆలస్యమైంది పిన్నీ" అన్నాడు. భోరున ఏడ్చేశాడు. వెనక ఎలెనోవా ఏడ్చింది, శివ్‌దయాల్ మెడలోని టేపుతో కళ్ళు తుడుచుకున్నాడు.

మనవరాళ్ళు ఉనైసిని చంకల కింద పట్టుకుని తెచ్చి అతని పక్కన దించారు. ఆమె రెండు చేతులతో అతని ముఖం పట్టుకుంది. మా పద్ధతిలో చెంపకు ముక్కు ఆనించి గట్టిగా, పొడుగ్గా ఊపిరి పీల్చింది. గాలి అందని మనిషి అంత ఊపిరి ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఎవరికీ తెలియలేదు.

తరవాత తల తిప్పి గుమ్మం దగ్గర నిలబడ్డ మేనల్లుణ్ణి పిలిచింది.

"రుపేనీ. పైకి వెళ్ళి మీ నాన్నతో చెప్పిరా, బిడ్డ వచ్చాడని."

రుపేని టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఇళ్ళ వెనక సమాధులున్న గట్టు ఎక్కడం మొదలుపెట్టాడు.